సింధు ఒప్పందం: తగాదా నీళ్లదా, తూములదా?

శ్రీశైలం దగ్గర 854 అడుగులు అన్న అంకె వినని తెలుగువాడు ఉండడు. పోతిరెడ్డిపాడు నుంచి నీళ్లు తీయాలంటే డ్యామ్‌లో 841 అడుగుల మట్టం దాటాలి, రాయలసీమ ఎత్తిపోతలు 797 అడుగుల నుంచే తోడుకుంటామంది, ఎడమగట్టు పవర్‌హౌస్ ఇంకా కిందిదాకా లాగగలదు. ఎర్రమంజిల్ జలసౌధలో రెండు రాష్ట్రాల ఇంజనీర్లు ఎదురెదురుగా కూర్చున్నప్పుడల్లా వాటా ఎన్ని టీఎంసీలన్న వాదన ఎంత సేపు నడుస్తుందో, ఏ మట్టంలో ఎవరి తూము ఉందన్న వాదన అంతకన్నా ఎక్కువసేపు నడుస్తుంది. తూము ఎంత కింద ఉంటే నది మీద అదుపు అంత ఎక్కువని అందరికీ తెలుసు.

సింధు జలాల దగ్గరికి వచ్చేసరికి ఈ తెలివిడి మనకు గుర్తుండదు. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివే వాళ్లను అడిగితే ‘పాకిస్తాన్‌కు 80 శాతం, భారత్‌కు 20 శాతం’ అని ఠక్కున చెబుతారు. టీవీ చర్చలదీ అదే మాట. నిజానికి ఒప్పందంలో శాతాలు లేవు. 1960 నుంచి ఇప్పటిదాకా నడిచిన పెద్ద తగాదాలన్నీ చూస్తే, ‘నా వాటా తగ్గింది’ అన్న వాదనతో నడిచినవి దాదాపు లేవు. గేటు అంచు ఏ ఎత్తులో ఉండాలి, పూడిక ఎలా తీయాలి, ఏ తేదీల్లో జలాశయం నింపాలి, తగవు ఎవరు తీర్చాలి. కొట్లాట అంతా వీటి మీదే.

నదులు పంచారు, నీళ్లు కొలవలేదు

1960 సెప్టెంబర్ 19న కరాచీలో నెహ్రూ, అయూబ్ ఖాన్ సంతకాలు చేశారు. కొన్ని నిబంధనల మేరకు ప్రపంచ బ్యాంకు తరఫున డబ్ల్యూ.ఎ.బి. ఇలిఫ్ కూడా సంతకం పెట్టాడు. 12 అధికరణాలు, ‘ఎ’ నుంచి ‘హెచ్’ దాకా ఎనిమిది అనుబంధాలు. తూర్పు నదులు రావి, బియాస్, సట్లెజ్ భారత్‌కు. పశ్చిమ నదులు సింధు, జీలం, చీనాబ్ పాకిస్తాన్‌కు. తూర్పు నదుల్లో సగటున ఏడాదికి 33 మిలియన్ ఎకరపు అడుగులు పారుతాయి, పశ్చిమ నదుల్లో దాదాపు 135. ఒక మిలియన్ ఎకరపు అడుగులంటే 43.56 టీఎంసీలు. మన లెక్కలో తూర్పు నదులు సుమారు 1,437 టీఎంసీలు, పశ్చిమ నదులు 5,880. ఎనభై ఇరవై అన్న మాట ఈ సగటు ప్రవాహాలను భాగిస్తే వచ్చింది.

కృష్ణాతో పోలిస్తే తేడా తెలుస్తుంది. బచావత్ ట్రైబ్యునల్ 75 శాతం నమ్మకంతో వచ్చే నీటిని 2,060 టీఎంసీలుగా లెక్కగట్టి, మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 అని పంచింది. అందుకే కరువు వచ్చిన ప్రతి ఏడూ లోటును ఎవరు భరించాలన్న పేచీ. సింధులో ఆ పేచీ లేదు. చీనాబ్‌లో నీళ్లు తక్కువ వస్తే ఆ తక్కువ పాకిస్తాన్‌ది, సట్లెజ్‌లో తగ్గితే మనది. 1965, 1971, 1999 యుద్ధాలను ఒప్పందం దాటుకొని రావడానికి ఈ కోతే ఒక ముఖ్య కారణం. అన్నదమ్ముల పొలం గట్టువేసి విడగొట్టినట్టు విడగొట్టారు.

కానీ గట్టు పూర్తిగా పడలేదు. పశ్చిమ నదులు భారత్ భూభాగం మీదుగా దిగుతాయి. ఆ నీళ్లను అలా వదిలేయమంటే జమ్మూ కశ్మీర్‌కు సాగు, కరెంటు ఎలా? అందుకని మూడో అధికరణంలో ఒక సాధారణ నియమం, దాని వెంట కొన్ని మినహాయింపులు పెట్టారు. పశ్చిమ నదుల నీటినంతటినీ భారత్ పారనివ్వాలి, ఆ నీటిలో జోక్యం చేసుకోకూడదు. గృహావసరాలకు, నీరు ఖర్చుకాని వాడకాలకు, అనుబంధం ‘సి’ ప్రకారం సాగుకు, ‘డి’ ప్రకారం జల విద్యుత్తుకు మాత్రం మినహాయింపు. నిల్వల సంగతి ‘ఇ’లో ఉంది.

రెండు దేశాల దారులు ఇక్కడే చీలాయి. పాకిస్తాన్ మొదటి సగాన్ని పట్టుకుంటుంది: పారనివ్వడమే నియమం, మినహాయింపును ఎంత ఇరుకుగా వీలైతే అంత ఇరుకుగా చదవాలి. భారత్ రెండో సగాన్ని పట్టుకుంటుంది: కరెంటు తీసుకోవడం ఒప్పందం ఇచ్చిన హక్కు, రాసి ఉన్న ఆంక్షలు తప్ప రాయని ఆంక్షలు లేవు. ఇక ముందు చెప్పబోయే ప్రతి తగవూ ఈ రెండు చదువుల మధ్యే నడుస్తుంది.

మినహాయింపుల పరిమాణం కూడా చూడాలి. పశ్చిమ నదుల మీద భారత్ కట్టుకోదగ్గ నిల్వ మొత్తం 3.6 మిలియన్ ఎకరపు అడుగులు, అంటే 157 టీఎంసీలు. అందులో సాధారణ నిల్వ 1.25, విద్యుత్ నిల్వ 1.60, వరద నిల్వ 0.75. మొత్తం కలిపినా నాగార్జునసాగర్ ఇప్పటి 312 టీఎంసీల్లో సగమే. సాగుకు 13 లక్షల ఎకరాల పైచిలుకు పరిమితి. ప్రవాహం మీద నడిచే జల విద్యుత్ కేంద్రాలకు మాత్రం సంఖ్య పరిమితి లేదు, మెగావాట్ల పరిమితి లేదు. ఎన్నైనా కట్టుకోవచ్చు, ఎలా కట్టాలో మాత్రం అనుబంధం ‘డి’లోని ఎనిమిదో పేరా చెబుతుంది. అరవై ఐదేళ్ల గొడవలో ముప్పాతిక వంతు ఆ ఒక్క పేరాదే.

ఎనిమిదో పేరా అనే ముళ్లకంచె

శ్రీశైలాన్ని మనసులో పెట్టుకుంటే దీన్ని అర్థం చేసుకోవడం తేలిక. డ్యామ్‌లో కింది భాగం డెడ్ స్టోరేజీ, మామూలు నిర్వహణలో ముట్టుకోని నీళ్లు. దాని పైన టర్బైన్లకు వాడుకునే నిల్వ. ప్రవాహం మీద నడిచే కేంద్రాల్లో ఈ నిల్వను పాండేజ్ అంటారు. పొద్దున, సాయంత్రం కరెంటు గిరాకీ పెరిగినప్పుడు టర్బైన్లకు ఎక్కువ వదిలి, రాత్రి మళ్లీ నింపుకోవడానికి సరిపోయే నీరన్నమాట. రోజు, వారం హెచ్చుతగ్గులకు మించి ఉండకూడదు.

పేరా పెట్టిన ఆంక్షలు ఇవి. నిండు మట్టం కన్నా పైకి నీటిని కృత్రిమంగా లేపే వీలు కట్టడానికి ఉండకూడదు. పాండేజ్, స్థిర విద్యుత్తుకు కావలసిన దానికి రెండింతలు మించకూడదు. డెడ్ స్టోరేజీ మట్టం కింద తూములు పెట్టకూడదు. పూడిక తీయడానికో మరో సాంకేతిక అవసరానికో తప్పదంటే, వీలైనంత చిన్నవిగా, వీలైనంత ఎత్తులో పెట్టాలి. స్పిల్‌వేకు, అంటే వరద నీటిని దాటించే దారికి, గేట్లు తప్పనిసరైతే, మూసినప్పుడు వాటి కింది అంచు వీలైనంత పైన ఉండాలి. టర్బైన్లకు నీరు తీసుకునే ముఖద్వారం కూడా అంతే.

‘వీలైనంత’ అంటే ఎంత? పటిష్ఠమైన, పొదుపైన డిజైన్‌కు, సంతృప్తికరమైన నిర్వహణకు పొసిగేంత అని ఒప్పందం మాట. ఒక ఇంజనీరుకు పటిష్ఠం అనిపించింది ఇంకొకరికి అతి జాగ్రత్త. నదికి దిగువనున్నవాడికి పొదుపు, ఎగువనున్నవాడికి పిసినారితనం. ఇద్దరూ ఒకే వాక్యం చూపించి వాదిస్తారు, ఇద్దరిదీ తప్పని చెప్పడం కష్టం.

పాండేజ్ లెక్క ఎలా చేస్తారో చూస్తే తేడా ఎంత పెద్దదిగా రావచ్చో తెలుస్తుంది. నెలను మూడు పదిరోజుల భాగాలుగా విడగొడతారు: 1 నుంచి 10, 11 నుంచి 20, 21 నుంచి నెలాఖరు. ప్రతి భాగానికి లెక్కలు దొరికినన్ని ఏళ్ల ప్రవాహాల సగటు తీస్తారు; కావాలంటే చిన్న కేంద్రాలకు తాజా 5 ఏళ్లకు, మిగతావాటికి తాజా 25 ఏళ్లకు పరిమితం చేసుకోవచ్చు. ఆ ఏడాది మొత్తంలో అతి తక్కువ వచ్చిన సగటే కనిష్ఠ సగటు ప్రవాహం. దానితో నమ్మకంగా పుట్టే కరెంటే స్థిర విద్యుత్తు. ఇక్కడిదాకా పేచీ లేదు. ఆ కరెంటును రోజులో ఏ గంటకు ఎంత అమ్ముతారన్న గిరాకీ ఊహ మీద, రాత్రి ఎంత ఆపుకోవాలో వస్తుంది. దాన్ని రెండింతలు చేస్తే గరిష్ఠ పాండేజ్. గిరాకీ పీక్ బాగా వాడిగా ఉంటుందని ఊహిస్తే నిల్వ పెరుగుతుంది. రోజంతా సమంగా నడుస్తుందని ఊహిస్తే కుంచించుకుపోతుంది.

చీనాబ్ మీది బగ్లిహార్‌లో ఇదే జరిగింది. 450 మెగావాట్ల చొప్పున రెండు దశలు, మొత్తం 900. భారత్ లెక్క ప్రకారం పాండేజ్ 37.5 మిలియన్ ఘనపు మీటర్లు, పాకిస్తాన్ లెక్క ప్రకారం 6.22. ఒకే సూత్రం, ఒకే నది, ఆరింతల తేడా! టీఎంసీల్లోకి మారిస్తే 1.32 ఎదురుగా 0.22. మన హిమాయత్‌సాగర్ దాదాపు 3 టీఎంసీలు పడుతుంది. అందులో సగం కూడా నిండని నీటి కోసం రెండు అణ్వస్త్ర దేశాలు తటస్థ నిపుణుడి దాకా వెళ్లాయంటే వింతగానే ఉంటుంది.

పాకిస్తాన్ వైపు నుంచి చూస్తే అంత వింత కాదు. చలికాలంలో నదిలో సెకనుకు వంద ఘనపు మీటర్లు పారుతున్నాయనుకుందాం. 32 మిలియన్ ఘనపు మీటర్ల ఖాళీ నింపడానికి దాదాపు 90 గంటలు పడుతుంది. ఆ నాలుగు రోజులూ కావాలంటే నదిని పట్టి ఆపవచ్చు. అదే వేసవిలో 1,500 ఘనపు మీటర్లు వస్తుంటే ఆరు గంటల్లో నిండిపోతుంది, ఎవరికీ తెలియను కూడా తెలియదు. కాబట్టి భయం ఏడాది మొత్తం నీటి గురించి కాదు, గోధుమకు తడి కావలసిన వారం గురించి. పైగా అలాంటి ఒక్క కేంద్రం కాదు, ఒకదాని వెంట ఒకటి వరుసగా వస్తున్నాయి. 1948 ఏప్రిల్ 1న తూర్పు పంజాబ్ కాలువలు కట్టేసిన జ్ఞాపకం వాళ్లకు ఇంకా పచ్చిగానే ఉంది. దీనికి విరుగుడుగానే ఒప్పందం రోజువారీ అదుపు కూడా పెట్టింది. సాధారణంగా ఏడు రోజుల్లో కేంద్రం పైకి వచ్చిన నీరంతా అదే ఏడు రోజుల్లో కిందికి వెళ్లాలి. ఏ 24 గంటల్లోనూ వచ్చిన దానిలో 30 శాతానికి తగ్గకూడదు, 130 శాతానికి మించకూడదు. నియమం బాగుంది కదా అంటే, ‘నియమం కాగితం మీద ఉంటుంది, గేటు మీ చేతిలో ఉంటుంది’ అన్నది పాకిస్తాన్ జవాబు. అందుకే వాళ్లు నిర్వహణ నియమాలను నమ్మకుండా డిజైన్‌నే బిగించమంటారు. గేటే లేకపోతే మోసానికి వీలే ఉండదన్న తర్కం.

స్విస్ ఇంజనీరు రేమండ్ లఫిట్ 2005లో తటస్థ నిపుణుడిగా నియమితుడై 2007 ఫిబ్రవరి 12న తీర్పు ఇచ్చాడు. పాండేజ్ 32.56 మిలియన్ ఘనపు మీటర్ల దగ్గర తేల్చాడు. నిండు మట్టానికీ డ్యామ్ అంచుకూ మధ్య ఖాళీని 4.5 మీటర్ల నుంచి 3కు తగ్గించమన్నాడు, టర్బైన్ ముఖద్వారాన్ని 3 మీటర్లు పైకి జరపమన్నాడు. గేట్ల స్పిల్‌వే సరైనదేనన్నాడు. రెండు దేశాలూ గెలిచామనే చెప్పుకున్నాయి. కానీ ఆ తీర్పులో అసలు బరువైన మాట వేరే ఉంది.

పూడిక

శ్రీశైలం 308 టీఎంసీల సామర్థ్యంతో మొదలై 215కు దిగింది. దాదాపు 93 టీఎంసీల చోటు మట్టే తినేసింది. చీనాబ్ హిమాలయపు కుర్ర నది, పట్టుకొచ్చే ఇసుక, మట్టి ఇంకా ఎక్కువ, జలాశయాలేమో చిన్నవి. ఇలాంటి చోట అడుగున తూములు లేకపోతే ఏమవుతుందో సలాల్ చూపించింది. 690 మెగావాట్ల ఆ కేంద్రం మీద పాకిస్తాన్ అభ్యంతరం చెబితే, 1978 ఏప్రిల్‌లో భారత్ రాజీకి వచ్చి స్పిల్‌వే గేట్ల ఎత్తును 40 అడుగుల నుంచి 30కి తగ్గించింది, అడుగు తూములను శాశ్వతంగా మూసేసింది. అప్పట్లో దాన్ని ఇరుగుపొరుగు సఖ్యతకు గుర్తుగా మెచ్చుకున్నారు. నింపిన కొన్నేళ్లకే జలాశయం చాలావరకు పూడిపోయింది. ఇప్పటికీ భారత ఇంజనీర్ల దగ్గర సలాల్ పేరెత్తితే ముఖం మాడిపోతుంది. మళ్లీ అలాంటి రాజీకి ఒప్పుకోకపోవడానికి కారణం అదే.

పూడిక వదిలించడానికి ప్రధానంగా రెండు పద్ధతులు. వరద వచ్చేటప్పుడు మట్టాన్ని కాస్త దించి, మట్టినీళ్లు నిలబడకముందే దాటించేయడం ఒకటి. జలాశయాన్ని డెడ్ స్టోరేజీ కింది దాకా ఖాళీ చేసి, నది తన వేగంతో పేరుకున్న మట్టిని కోసుకుపోయేలా చేయడం రెండోది. రెండోది బాగా పనిచేస్తుంది, కానీ ఆ తర్వాత జలాశయాన్ని మళ్లీ నింపుకోవాలి. ఆ నింపుడుకు ఒప్పందంలో తేదీలున్నాయి: చీనాబ్‌కు జూన్ 21 నుంచి ఆగస్టు 31 మధ్య మాత్రమే, అదీ పాకిస్తాన్‌లోని మరాల దగ్గర ప్రవాహం 55,000 క్యూసెక్కులకు తగ్గకుండా. మన లెక్కలో రోజుకు నాలుగుమ్ముప్పావు టీఎంసీలు. 2008లో బగ్లిహార్‌ను మొదటిసారి నింపినప్పుడు ఈ అంకె తప్పిందని పాకిస్తాన్ ఫిర్యాదు చేసింది. 2010లో ఇద్దరు కమిషనర్లే కూర్చుని దాన్ని ముగించుకున్నారు. అప్పట్లో అది సాధ్యమైంది.

లఫిట్ ఏమన్నాడంటే, ఒప్పందాన్ని నేటి ఇంజనీరింగ్ జ్ఞానం వెలుగులో చదవాలి, పూడిక తీయడం నిర్వహణలో భాగమే, దానికోసం డెడ్ స్టోరేజీ కిందికి దించినా తప్పు లేదు. భారత్‌కు ఇంతకన్నా కావలసింది లేదు.

ఆరేళ్లు తిరిగేసరికి కథ మారింది. కిషన్‌గంగ 330 మెగావాట్ల ప్రాజెక్టు గురేజ్ లోయలో నీటిని పట్టి, 23 కిలోమీటర్ల పైచిలుకు సొరంగంలోంచి జీలం వైపు మళ్లిస్తుంది. కింద అదే నది మీద, నీలం పేరుతో, పాకిస్తాన్ అప్పట్లో 969 మెగావాట్ల కేంద్రం కడుతూ ఉంది. ఈసారి పాకిస్తాన్ నిపుణుణ్ని కాకుండా మధ్యవర్తిత్వ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. జీలం ఉపనదుల మధ్య నీటిని మళ్లించవచ్చు, కానీ పాకిస్తాన్‌కు ‘అప్పటికి ఉన్న’ వాడకం దెబ్బతినకూడదు అని ఒప్పందం. అప్పటికి అంటే ఎప్పటికి? ప్రాజెక్టు ఖాయమైన నాటికి అంది భారత్. నీరు మళ్లించే ఏ రోజుకైనా అంది పాకిస్తాన్. 2013లో న్యాయస్థానం భారత్ ప్రాజెక్టు ముందు ఖాయమైందని ఒప్పుకొని మళ్లింపుకు అనుమతిచ్చింది. నదిలో ఎప్పుడూ సెకనుకు 9 ఘనపు మీటర్లు, అంటే సుమారు 318 క్యూసెక్కులు వదలాలని షరతు పెట్టింది. ఒప్పందంలో ఎక్కడా లేని పర్యావరణ ప్రవాహం అలా తీర్పులోంచి పుట్టింది.

అదే కేసులో రెండో ప్రశ్నకు జవాబుగా, అనుకోని అత్యవసరం వస్తే తప్ప పూడిక కోసం డెడ్ స్టోరేజీ కిందికి దించడం కుదరదని తేల్చింది. ఇది కిషన్‌గంగకే కాదు, ముందు కట్టబోయే కేంద్రాలన్నిటికీ. బగ్లిహార్‌కు లఫిట్ ఇచ్చిన అనుమతి జోలికి మాత్రం పోలేదు.

ఒకే ఒప్పందం, ఒకే ప్రశ్న, రెండు కట్టుబడి తీర్పులు, రెండు వ్యతిరేక జవాబులు. ఎలా కుదిరింది? నిపుణుడి నిర్ణయం అతని ముందుకొచ్చిన ఆ విషయం వరకే కట్టుబాటని అనుబంధం ‘ఎఫ్’ చెబుతుంది. న్యాయస్థానం మాత్రం తన వ్యాఖ్యానం ఒప్పందం మొత్తానికీ వర్తిస్తుందంది. లోపల ఇంకో సంగతి కూడా ఉంది. ఇంజనీరు అడిగిన ప్రశ్న ‘ఇది పనిచేయాలంటే ఏం కావాలి’ అని. న్యాయమూర్తులు అడిగిన ప్రశ్న ‘1960లో వీళ్లు ఇచ్చిపుచ్చుకున్నది ఏమిటి’ అని. ఎవరిని అడగాలో ఎంచుకుంటే జవాబు సగం ఎంచుకున్నట్టే. ఆ సంగతి రెండు రాజధానులకూ 2013 తర్వాత బాగా తలకెక్కింది.

పంచాయితీ ఎవరిది

తొమ్మిదో అధికరణం తగవులకు మూడు మెట్లు కట్టింది. మొదట అది ‘ప్రశ్న’. రెండు దేశాల కమిషనర్లుండే శాశ్వత సింధు కమిషన్ చూస్తుంది. అక్కడ తెగకపోతే ‘భేదాభిప్రాయం’ అవుతుంది. ‘ఎఫ్’ జాబితాలోని సాంకేతిక అంశమైతే తటస్థ నిపుణుడికి పోతుంది, అతను తప్పనిసరిగా ఇంజనీరు. జాబితాలో లేనిదో, నిపుణుడే తన పరిధి కాదన్నదో ‘వివాదం’ అవుతుంది. దానికి ఏడుగురు సభ్యుల న్యాయస్థానం, ఇద్దరేసి చొప్పున దేశాలవాళ్లు, ముగ్గురు తటస్థులు. ఆ ముగ్గురి మీద ఒప్పందం కుదరకపోతే ఎంపిక చేసే పెద్దమనుషుల్లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి, అమెరికా ప్రధాన న్యాయమూర్తి, లండన్ ఇంపీరియల్ కాలేజీ రెక్టార్ దాకా ఉన్నారు. 1960 నాటి ప్రపంచంలో ఎవరిని పెద్దమనుషులనుకునేవారో తెలుసుకోవాలంటే ఆ జాబితా చూస్తే చాలు.

కిషన్‌గంగ డిజైన్, చీనాబ్ మీద 850 మెగావాట్ల రాట్లే డిజైన్ మీద 2015లో పాకిస్తాన్ నిపుణుణ్ని అడిగింది. 2016 ఆగస్టులో మాట మార్చి న్యాయస్థానం కావాలంది. అక్టోబర్‌లో భారత్ నిపుణుడే కావాలంది. నిపుణుడి దగ్గర విషయం నడుస్తుండగా పై మెట్టు నియమాలు వర్తించవని తొమ్మిదో అధికరణంలోనే ఉంది. భారత్ వాదన దాని మీదే: మెట్లు వరుసగా ఎక్కాలి, ఎగిరి దూకకూడదు. నిపుణుడు ఇంకా నియామకమే కాలేదు, కాబట్టి ‘నడుస్తుండగా’ అన్న మాటే పుట్టదని పాకిస్తాన్ వాదన. ప్రపంచ బ్యాంకు 2016 డిసెంబర్‌లో రెండింటినీ ఆపి, 2022లో రెండింటినీ ఒకేసారి వదిలింది. మిషెల్ లినో నిపుణుడు, షాన్ మర్ఫీ న్యాయస్థానానికి అధ్యక్షుడు. ఒకే కేసు రెండు కోర్టుల్లో! 2007, 2013 తీర్పులు ఢీకొన్నాక కూడా ఇలా చేయడం బ్యాంకు పిరికితనం తప్ప మరొకటి కాదు. తన పాత్ర లాంఛనప్రాయమేనని బ్యాంకు సమాధానం.

భారత్ నిపుణుడి దగ్గరికి వెళ్లింది, న్యాయస్థానం గడప తొక్కలేదు. న్యాయస్థానం 2023 జూలైలో తనకు అధికారం ఉందని తేల్చుకుంది. 2025 జనవరిలో లినో కూడా ఏడు అంశాలూ తన పరిధిలోవేనన్నాడు. మధ్యలో 2023 జనవరిలో ఒకసారి, 2024 ఆగస్టులో మరోసారి, ఒప్పందాన్ని సవరిద్దామని పన్నెండో అధికరణం మూడో పేరా కింద భారత్ నోటీసులిచ్చింది. జీలం మీది తుల్‌బుల్ సంగతి ఈ వరుసలో చేరదు కానీ చెప్పుకోవాలి. భారత్ దాన్ని పడవలు తిరిగే లాకు అంటుంది, పాకిస్తాన్ వులర్ బ్యారేజీ అంటుంది, ముఖ్య జీలం మీద నిల్వకు వీల్లేదు కనుక. 1987లో ఆగిన పని. పేరు మీదే ఒప్పందం కుదరలేదు, ఇక కట్టడం మీద ఏం కుదురుతుంది.

అబేయన్స్ అన్న మాట

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రదాడి. మర్నాడు, సీమాంతర ఉగ్రవాదానికి మద్దతును పాకిస్తాన్ విశ్వసనీయంగా, మళ్లీ వెనక్కి పోకుండా వదులుకునేదాకా ఒప్పందాన్ని ‘అబేయన్స్’లో, అంటే తాత్కాలిక నిలుపుదలలో, పెడుతున్నట్టు భారత్ ప్రకటించింది. రద్దు అనలేదు, వైదొలగడం అనలేదు. ఆ ఎంపిక వెనుక వకీళ్ల చెయ్యి కనిపిస్తుంది.

ఒప్పందానికి గడువు లేదు, ఒకరు తప్పుకునే దారి లేదు. ఇద్దరూ ఆమోదించిన మరో ఒప్పందంతో ముగించేదాకా ఇది అమల్లో ఉంటుందని పన్నెండో అధికరణం నాలుగో పేరా. దాన్ని చూపించి, అబేయన్స్ అన్న మాటే ఒప్పందంలో లేదంటుంది పాకిస్తాన్. లేదు, నిజమే. అయితే ఒప్పందంలో లేని విషయానికి బయటి చట్టం వర్తిస్తుంది. 1969 వియన్నా ఒడంబడికను భారత్ సంతకమే చేయలేదు, పాకిస్తాన్ సంతకం చేసి ఆమోదించలేదు. అయినా దానిలోని చాలా సూత్రాలు ఆచార చట్టంగా చెల్లుతాయి. అందులో ఒకటి, పరిస్థితులు మౌలికంగా మారిపోవడం. జనాభా, శుద్ధ ఇంధన అవసరం, ఉగ్రవాదం అంటూ భారత్ లేఖ ఆ దారినే పట్టింది. చిక్కేమిటంటే, డాన్యూబ్ నది ప్రాజెక్టు మీద హంగరీ ఇలాంటి వాదనే చేస్తే 1997లో అంతర్జాతీయ న్యాయస్థానం ఒప్పుకోలేదు. రాజకీయాలు, పర్యావరణ జ్ఞానం మారినంత మాత్రాన 1977 ఒప్పందం పోదంది. రెండోది, ఎదుటి పక్షం తప్పుకు బదులుగా తీసుకునే ప్రతిచర్య. అది తిరిగి సరిచేసుకోగలిగేలా ఉండాలి. ‘అబేయన్స్’ అన్న మాట దీనికే బాగా అతుకుతుంది: ఆపాం, తెంచలేదు.

న్యాయస్థానం 2025 జూన్‌లో, భారత్ ప్రకటన తన అధికారాన్ని తాకదని చెప్పింది. ఆగస్టు 8న ఎనిమిదో పేరా మీద వ్యాఖ్యానం ఇచ్చింది. పారనివ్వడమే నియమం, మినహాయింపులను గట్టిగా పాటించాలి, డిజైన్ ఒప్పందం మాటలకు సరిపోవాలి తప్ప భారత్ మేలైనదనుకునే ఇంజనీరింగ్ పద్ధతికి కాదని దాని సారం. లఫిట్ చదువుకు ఇది దాదాపు తలకిందులు. న్యాయస్థానమే చెల్లదంటున్నాం, ఇక దాని తీర్పేమిటని భారత్ తోసిపుచ్చింది.

ఇక్కడ మన టీవీల్లో వినిపించే ‘ఒక్క చుక్క పోనివ్వం’ అన్న మాటకు లెక్క కట్టాలి. పశ్చిమ నదుల సగటు రోజుకు 16 టీఎంసీలు. ఏడాది నీటితో నాగార్జునసాగర్‌ను 18 సార్లకు పైగా నింపవచ్చు. అంత నీటిని ఆపే జలాశయం హిమాలయాల్లో లేదు, మళ్లించే కాలువ లేదు. సొరంగాలు తవ్వడానికి ఏళ్లు పడుతుంది. నీళ్లు ఆపితే యుద్ధమే అన్న పాకిస్తాన్ ప్రకటన కూడా లేని ఆనకట్ట మీద వేసిన కేకే. నిజంగా మారినవి చిన్నవి, కానీ పదునైనవి. నిర్మాణానికి ఆరు నెలల ముందు వివరాలు పంపాల్సిన పని లేదు, మూడు నెలల్లో వచ్చే అభ్యంతరం కోసం ఆగక్కర్లేదు. 1,856 మెగావాట్ల సావల్‌కోట్ లాంటివి ఆ లెక్కలోనే కదిలాయి. పాకిస్తాన్ బృందాల తనిఖీలు లేవు. నెలనెలా వెళ్లే ప్రవాహాల అంకెలు లేవు. పూడిక కడగడానికి తేదీల పట్టింపు లేదు. 2025 మే మొదట్లో సలాల్, బగ్లిహార్ గేట్లు ఎత్తి పూడిక కడిగారన్న వార్తలు వచ్చాయి. జూన్ 21కి ఇంకా ఆరేడు వారాలు ఉండగానే. సలాల్‌కు అది దశాబ్దాల తర్వాత తలంటు లాంటిది. కిందివాళ్లకు మాత్రం మొదట ఎండిన ఇసుక, తర్వాత ఒక్కసారిగా బురద నీరు.

ఇద్దరు కమిషనర్లు చివరిసారి కలిసి కూర్చున్నది 2022 మేలో, ఢిల్లీలో, 118వ సమావేశానికి. 2025 ఆగస్టులో జమ్మూ ప్రాంతంలో తావి నది పొంగింది. కింద పాకిస్తాన్ పంజాబ్‌కు ముప్పు. అసాధారణ వరదల సమాచారం ఒకరికొకరు చెప్పుకోవాలని నాలుగో అధికరణం ఎనిమిదో పేరా అంటుంది, మామూలుగా ఆ కబురు కమిషన్ ద్వారా పోవాలి. ఈసారి ఇస్లామాబాద్‌లోని భారత హైకమిషన్ నుంచి పోయింది. అందులో ఒప్పందం ఊసు లేదు. మానవతా దృష్టితో తెలియజేస్తున్నాం అని మాత్రం ఉంది.